వేడి చేసిందనుకున్నారు

జయరాముడికి నడుము పట్టుకున్న రోజు అతను బరువేమీ ఎత్తలేదు. పొద్దున్నే మందను దొడ్డిలోంచి వదిలి, చెప్పులు తొడుక్కోవడానికి వంగాడు. అంతే, నడుములో ఏదో పుటుక్కుమన్నట్టయింది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. గొర్రెలు మాత్రం ఆగలేదు. రోజూ పోయే దారినే వంక వైపు సాగిపోయాయి. నాగన్న పరుగెత్తి వాటి ముందుకు పోకపోతే ఆ పూట ఎవరి చేలో పడేవో.

ముదిగుబ్బకు అవతల, గుట్టల నడుమ ఉన్న పల్లె వాళ్లది. జయరాముడికి అరవై దగ్గర పడుతున్నాయి. బుద్ధి తెలిసినప్పటి నుంచి గొర్రెల వెనకే నడిచినవాడు. వానలు మొహం చాటేసి చెనిక్కాయ చేలు ఎండిపోయిన ఏళ్లలో కూడా అతని ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఆ మంద పుణ్యమే. నాగన్నది పక్కిల్లు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి జతగాళ్లు. రెండిళ్ల గొర్రెలనూ ఒకే మందగా కలిపి మేపుకునేవాళ్లు. మేత దొరకని నెలల్లో కలిసే దూరాలకు తోలుకుపోయేవాళ్లు.

జయరాముడి భార్య హనుమక్క విషజ్వరంతో పోయి చాలా ఏళ్లయింది. అప్పటికి కూతురు హేమలత హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. తల్లి పోయాక ఆ పిల్ల చదువు ఆపేస్తుందని ఊళ్లో అందరూ అనుకున్నారు. జయరాముడు ఆపనివ్వలేదు. ఆమె ఫిజియోథెరపీ చదివి, ఇప్పుడు అనంతపురంలో ఒక సెంటర్లో పనిచేస్తోంది. కూతురు చేసే పని ఏమిటని ఎవరైనా అడిగితే జయరాముడు, "సూది లేకుండా, మాత్ర లేకుండా నొప్పులు పోగొడతాది" అని చెప్పేవాడు.

నడుము పట్టిందని ఆ కూతురికి మాత్రం అతను వెంటనే చెప్పలేదు. ఉన్న ఊళ్లో దొరికే వైద్యమంతా ముందు చేయించుకున్నాడు. ఆముదం రాసి జిల్లేడాకు కట్టారు. ఇసుక వేయించి మూటగట్టి కాపడం పెట్టారు. ఆఖరికి మారెక్కను పిలిచారు. మారెక్క ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి. అలాంటివాళ్లు తొక్కితే నడుము పట్టు వదులుతుందని ఆ పక్క నమ్మకం. జయరాముడు చాప మీద బోర్లా పడుకుంటే ఆమె ఎడమకాలితో మెల్లగా తొక్కింది.

"ఏమన్నా, వదిలినట్లుండాదా?"

"నొప్పి వదల్లేదు గాని మారెక్కా, నువ్వు మాత్రం శానా బరువైనావు," అన్నాడు జయరాముడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు.

కానీ నొప్పి నడుములో ఆగలేదు. పిరుదు మీదుగా తొడ వెనక్కి దిగి, పిక్కలోకి, అక్కణ్నుంచి మడమలోకి కరెంటు పాకినట్టు పాకడం మొదలుపెట్టింది. దగ్గితే ప్రాణం పోయేది. నిలబడి సంగటి తినేవాడు. ఇక దాచలేక నాగన్నే హేమలతకు ఫోన్ చేశాడు.

హేమలత మరునాడే వచ్చి తండ్రిని అనంతపురం తీసుకుపోయింది. స్కాన్ తీయించి, వెన్నెముక ఆపరేషన్లు చేసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నిదానస్తుడు. సినిమా నెగెటివ్ లాంటి ఆ ఫిల్మును వెలుతురుకు పెట్టి జయరాముడికే చూపించాడు.

"ఇవిగో పెద్దాయనా, ఇవి నీ వెన్నుపూసలు. రెండు పూసల నడుమ మెత్త మాదిరి ఒకటుంటుంది. డిస్కు అంటాం. అది ఉబ్బి బయటికొచ్చి, కాలికి పోయే నరాన్ని నొక్కుతోంది. అందుకే కాలు అట్లా గుంజుతోంది."

"కోస్తే పోతాదా సార్?"

"కోస్తే కాలినొప్పి తొందరగా తగ్గొచ్చు. కోయకపోయినా మందులతో, వ్యాయామంతో చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. ఏడాది తిరిగాక చూస్తే కోయించుకున్నవాళ్లకూ, కోయించుకోనివాళ్లకూ పెద్ద తేడా కనపడదు. నీ కాళ్లలో బలం బాగానే ఉంది కాబట్టి తొందరేమీ లేదు. మీరిద్దరూ ఆలోచించుకుని చెప్పండి."

హేమలతకు ప్రాణం కుదుటపడింది. తను అనుకున్నదే ఆయనా అన్నాడు. అప్పుడు డాక్టరు ఇంకో మాట చెప్పాడు.

"ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. ఒంటికి పోవడం కష్టమైనా, తెలియకుండా బట్టల్లో పడిపోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినట్టున్నా, రెండు కాళ్లూ బలం తప్పినా, ఆ పూటకు ఆ పూటే రావాలి. పొద్దున చూసుకుందామని ఆగకూడదు. ఇప్పుడు అట్లాంటిదేమైనా ఉందా?"

జయరాముడు కూతురి వైపు చూడకుండా తల దించుకున్నాడు. "ఏం లేదు సార్," అన్నాడు. అప్పటికి అది నిజమే. కానీ కూతురు పక్కన ఉండగా ఆ ప్రశ్న వినాల్సి రావడం అతనికి చచ్చేంత సిగ్గనిపించింది. డాక్టరు చెప్పిన మిగతా ముక్కలు చెవిలో పడ్డాయో లేదో.

ఆస్పత్రి ఎదుట టీ బంకు పక్కన బెంచీ మీద కూర్చున్నారు. జయరాముడు ఒక పక్కకు ఒరిగి, నొప్పి లేని వైపు బరువు వేసి కూర్చున్నాడు.

"కోయించుకుంటా పాపా," అన్నాడు. "ఒక్క దెబ్బకు అయిపోతాది. నాగన్న ఒక్కడే ఎన్నాళ్లని మందను చూస్తాడు?"

"నీ మాదిరే ఆత్రపడి కోయించుకున్నోళ్లను నేను రోజూ చూస్తాండా నాయనా. బెళుగుప్ప నించి ఒకాయప్ప వస్తాడు. ఆపరేషన్ అయినాంక కూడా కుదురుగా కూర్చోలేడు, పండుకోలేడు."

"అందరికీ అట్లనే అవుతాదా?"

"అందరికీ కాదు."

"మరి?"

"సారే చెప్పినాడు గదా, తొందర లేదని. నాకు రెండు మూడు నెల్లు ఇయ్యి. నా దగ్గరుండు. నేను చెప్పినట్ల చెయ్యి. అప్పటికీ తగ్గకుంటే నేనే తీసకపోయి ఆపరేషన్ చేయిస్తా."

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అయితే ఆపరేషన్ చేయించుకుని హాయిగా తిరిగి పొలం పనులకు పోయినవాళ్లూ ఉంటారు. వాళ్లు ఇక సెంటర్ గడప తొక్కరు కాబట్టి ఆమె కళ్లకు కనపడరు. కనపడేదంతా తగ్గనివాళ్లే. కత్తి అంటే ఆమెకు ఉన్న భయం అక్కణ్నుంచే వచ్చింది. ఆ భయాన్ని తండ్రి ముందు చదువు నేర్పిన మాట మాదిరే చెప్పింది.

జయరాముడు టీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు చదివిందే దీనికి. నేనేంటికి అడ్డం చెప్తా? నీ ఇష్టం తల్లీ."

హేమలత గది కింది అంతస్తులోనే ఉంది. ఒక మంచం, ఒక చాప, ఒక గ్యాసు పొయ్యి. పొద్దున సెంటర్‌కు పోయేముందు, సాయంత్రం వచ్చాక ఆమె తండ్రి చేత వ్యాయామాలు చేయించేది. బోర్లా పడుకుని, చేతుల మీద ఆనుకుని, ఛాతీ పైకెత్తాలి. మొదటిరోజు అది చూసుకుని జయరాముడికి నవ్వాగలేదు.

"తొండ మాదిరి తల ఎత్తమంటావేమ్మే?"

"తొండకు నడుమునొప్పి లేదు గదా. ఎత్తు."

మొదటి వారం అతను పళ్లు బిగబట్టి చేశాడు. తరవాత నొప్పి మడమ వదిలి పిక్క దగ్గరికి జరిగింది. పిక్క నుంచి తొడకు. కాలిలోంచి నొప్పి పైకి తగ్గుతూ వస్తోందంటే మంచి గుర్తు అని హేమలత చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె మొహం వెలిగిపోవడం జయరాముడు చూశాడు. చిన్నప్పుడు బడిలో మార్కులు వచ్చినప్పుడు కూడా ఆ మొహం అలాగే ఉండేది.

హాస్టల్లో చేరాక తండ్రీ కూతుళ్లు ఇన్ని రోజులు ఒకే కప్పు కింద ఉండటం ఇదే మొదలు. నడక కుదిరాక అతనే రాగి సంగటి కెలికి, ఊరిమిండి పచ్చడి నూరి ఆమె కోసం ఎదురుచూసేవాడు. రాత్రి భోంచేస్తూ హనుమక్క గురించి మాట్లాడుకునేవాళ్లు. తల్లి ఎలా తిట్టేదో తండ్రి అనుకరించి చూపిస్తే హేమలత పొలమారేదాకా నవ్వింది. తరవాత ఏడ్చింది. "మీయమ్మ ఉండింటే నిన్ను ఇట్ల అగసాట్లు పెట్టనిచ్చేది కాదు నన్ను," అన్నాడతను. అది నిజం. ఒంట్లో ఏమున్నా అతను చెప్పుకునేది ఒక్క హనుమక్కకే.

వీధి చివర టీ బంకు దగ్గర అతనికి పరిచయాలు ఏర్పడ్డాయి. వాళ్లందరికీ కూతురి గొప్ప చెప్పాడు. "డాక్టరు కోస్తానన్నాడప్పా. నా కూతురు కోయనియ్యలా. చేత్తోనే బాగుచేసినాది." డాక్టరు అలా అనలేదు గానీ, అతను చెప్పేటప్పుడు కథ అలాగే వచ్చేది.

ఎండలు ముదిరే వేళకు జయరాముడు పల్లెకు తిరిగిపోయాడు. ఇంకొన్నాళ్లు ఉండమని హేమలత అంది. గొర్రెలు ఈనే రోజులు దగ్గర పడ్డాయని, నాగన్న ఒక్కడి వల్లా కాదని అతను ఒప్పించాడు. బరువు ఎత్తకూడదు, వంగకూడదు, రోజూ చాప మీద వ్యాయామం మానకూడదు అని ఆమె బస్సెక్కించేదాకా చెబుతూనే ఉంది. అతను ఏదీ తప్పలేదు. గొర్రెపిల్లను కూడా ఎత్తకుండా నాగన్న చేత ఎత్తించేవాడు.

ఆ రోజు ఒక గొర్రెకు పిల్ల అడ్డం తిరిగింది. నాగన్న చెయ్యి మోటుది. అలాంటప్పుడు చేయి పెట్టి పిల్లను సరిచేసి లాగడం జయరాముడికే తెలుసు. కళ్లముందు తల్లి గొర్రె గిలగిల్లాడుతుంటే ఏ కాపరీ చేతులు కట్టుకుని నిలబడడు. గొంతుక్కూర్చుని చాలాసేపు పాటుపడి పిల్లను బయటికి తీశాడు. పిల్లా బతికింది, తల్లీ బతికింది. లేవబోయేసరికి రెండు కాళ్లలోకీ ఒక్కసారిగా మంట దిగింది.

సాయంత్రానికి ఆ మంట కొంచెం తగ్గింది. తగ్గింది గదా అని అతను సంతోషించాడు. కానీ అరుగు మీద కూర్చుంటే కింద అరుగు ఉన్నట్టు తెలియలేదు. తెల్లవారి ఒంటికి పోదామని గోడ చాటుకు పోతే, ఎంతసేపు నిలబడినా రాలేదు. పొత్తికడుపు బిగిసి, చివరికి చుక్కలు చుక్కలుగా వచ్చింది.

"వేడి చేసినట్లుండాది రా," అన్నాడు నాగన్నతో.

బండలు పగిలే ఎండలు. ఎండలో తిరిగే కాపరులకు వేడి చేయడం, ఒంటికి మంటగా పోవడం ప్రతి వేసవిలోనూ ఉండేదే. నాగన్నకు అందులో వింతేమీ కనపడలేదు. మజ్జిగలో ఉప్పేసి చెంబెడు తాగించాడు. బార్లీ గింజలు కాచి నీళ్లు ఇచ్చాడు. తాగిన నీళ్లన్నీ లోపలే నిలిచిపోతున్నాయని ఇద్దరికీ తెలియదు.

"హేమకు ఒక్కమాట చెప్పేదా?" అన్నాడు నాగన్న.

"ఏమని చెప్తావు? ఒంటికి రాల్యాదని చెప్తావా? కూతురికి చెప్పే మాటనా అది? గమ్మునుండు."

ఆ సాయంత్రమే హేమలత ఫోన్ చేసింది. గొంతులో ఏదో తేడా ఉందని ఆమెకు అనిపించింది. ఎలా ఉన్నావంటే బాగున్నానన్నాడు. నొప్పి ఉందా అంటే, రవ్వంత ఉంది, నిన్నటి కంటే మేలన్నాడు. సెంటర్‌కు వచ్చే ప్రతి మనిషినీ ఆమె తడుముకోకుండా అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటిని తండ్రిని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. అయినా అడిగింది.

"నాయనా... ఒంటికి సక్రమంగా పోతాండావా? తిమ్మిరి మాదిరి ఏమన్నా ఉండాదా?"

జయరాముడి చెవులు వేడెక్కాయి. చిన్నప్పుడు తను నీళ్లు పోసి, జడ వేసి బడికి పంపిన బిడ్డ. ఆ బిడ్డ నోట ఆ మాట. దాని వెనకే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఉందని చెబితే మళ్లీ ఆస్పత్రి, మళ్లీ కోత. ఆ పిల్ల ఇన్నాళ్లు పడిన కష్టం బూడిదలో పోసినట్టే. ఆ వెలిగిన మొహం చిన్నబోవడం అతను చూడలేడు.

"ఏం మాటలమ్మా అవి? అన్నీ బాగుండాయి. నువ్వు తిన్న్యావా?"

హేమలత ఊపిరి వదిలింది. తిన్నానని చెప్పింది. ఇంకోసారి గుచ్చి అడగనందుకు, ఆ క్షణాన ఆమెకు లోలోపల హాయిగా కూడా అనిపించింది.

మరునాడు గడిచింది. ఆ తరవాతి రోజు మధ్యాహ్నం నాగన్న ఫోన్ చేసినప్పుడు ఆమె ఒక ముసలావిడ మోకాలికి వ్యాయామం చేయిస్తోంది. "పాపా, మీ నాయన లేయలేకుండాడు. కాళ్లు పట్టు తప్పినాయి. పంచె తడిసిపోయినా తెలీలేదమ్మా మనిషికి."

ఆమెకు అంతా అర్థమైంది. అంబులెన్సుకు ఎవరు ఫోన్ చేయాలో, ఎక్కడికి తీసుకురావాలో చెప్పింది. డాక్టరుకు తనే ఫోన్ చేసింది. అంతసేపూ ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఫోన్ పెట్టేసి, ముసలావిడను ఇంకొకరికి అప్పగించి, ఆస్పత్రికి పరుగెత్తింది.

ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగింది ఒక్కటే. "ఎప్పటి నుంచి?"

జయరాముడు కళ్లు మూసుకుని పడుకున్నాడు. జవాబు నాగన్న చెప్పాడు. డాక్టరు హేమలత వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఉబ్బిన డిస్కు చీలి, కింది నరాలన్నింటినీ ఒకేసారి అణిచేసిందని, ఇప్పటికిప్పుడు ఆపరేషన్ చేస్తున్నామని అన్నాడు. "నొప్పి పోతుంది. మిగతావి ఎంత తిరిగొస్తాయో ఇప్పుడు చెప్పలేనమ్మా. ఆలస్యమైంది."

స్ట్రెచర్ తలుపు దాటిపోయాక హేమలత నాగన్న మీద పడింది.

"నీకు తెలుసు గదా చిన్నాయనా! తెలిసీ నాకు ఒక్కమాట చెప్పల్యాకపోతివే!"

నాగన్న తలపాగా విప్పి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "వేడి అనుకుంటిమమ్మా. మా నాయనకు చేసినాది, నాకు చేసినాది, ఎన్నితూర్లు చేసినాదో. మజ్జిగ తాగితే పాయె. ఇదీ అట్లనే అనుకుంటి. నీకు చెప్తానంటే వాడు 'కూతురికి చెప్పే మాటనా' అన్య." తలపాగా కొసతో కళ్లు ఒత్తుకున్నాడు. "నాకూ కూతుర్లు ఉండారు పాపా. నేనైనా చెప్పుకోలేను."

హేమలత అతన్ని అనాలనుకున్నదంతా తన మీదికే తిరిగింది. నాయన కోయించుకుంటానన్న రోజు ఊ అని ఉంటే? ఫోన్లో ఇంకోమాటు అడిగి ఉంటే? ఆ రోజే బస్సెక్కి పోయి ఉంటే?

ఆపరేషన్ బాగానే జరిగింది. జయరాముడికి కాళ్ల నొప్పి పూర్తిగా పోయింది. కొన్ని వారాలకు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. కుడికాలు మాత్రం పాదం వేలాడేసి ఈడ్చుకుంటూ వచ్చేది. మూత్రం స్వాధీనం తిరిగి రాలేదు. వేళకు సన్నని పైపు లోపలికి పంపి తీసుకోవాలి. తీయకపోతే లోపల నిండి, అప్పుడప్పుడు తనకు తెలియకుండానే పడిపోతుంది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు ఒక మగ నర్సు ఆ పని చేశాడు. ఎలా చేసుకోవాలో జయరాముడికి నేర్పబోయాడు. అడ్డం తిరిగిన గొర్రెపిల్లలను బతికించి తీసిన చేతులు అతనివి. ఆ పైపు తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి దాన్ని వదిలేశాయి.

అనంతపురంలో కూతురి గదికి వచ్చాక మొదటిరోజుల్లో ఆ పని హేమలతే చేయాల్సి వచ్చింది. ఆమె చేతులు కడుక్కుని వస్తుంటే అతను మొహం గోడ వైపు తిప్పుకుని, తువ్వాలు కళ్ల మీద కప్పుకునేవాడు. అయిపోయేదాకా ఊపిరి కూడా వినపడేది కాదు.

కొన్నాళ్లకు అతని పెదవులు పగిలి, నాలుక పిడచకట్టుకుపోవడం హేమలత గమనించింది. చెంబులో పెట్టిన నీళ్లు పెట్టినట్టే ఉన్నాయి. అన్నం కూడా ముద్ద ముట్టి వదిలేస్తున్నాడు. నీళ్లు తాగకపోతే ఒంటికి రాదు. ఒంటికి రాకపోతే కూతురు పైపు పట్టుకుని రావాల్సిన పని ఉండదు. అతను చేస్తున్నది అదేనని అర్థమైనప్పుడు ఆమె చెంబు తీసుకుని మంచం పక్కన కూర్చుంది.

"తాగు నాయనా."

"దప్పి లేదు."

"సచ్చిపోవాలని ఉండాదా?"

జయరాముడు ఆమె చేతిలోని చెంబును పక్కకు నెట్టాడు.

"ఆ పొద్దు నేను ఫోన్లో అడిగితి గదా. నువ్వు ఒక్కమాట చెప్పింటే నేను ఉరికొచ్చేదాన్ని. ఏంటికి చెప్పకపోతివి నాయనా? సిగ్గుతోనే సచ్చిపోతావా నువ్వు?"

"సిగ్గు ఉండాదిలే," అన్నాడతను. "సిగ్గొకటే కాదు. బాగుచేసినానని నువ్వు అంత సంబరపడితివి. నేనూ కనపడినోళ్లకల్లా చెప్పుకుంటి. మళ్లా తిరగబడిందని నీతో ఎట్ల చెప్పేది? నీ పని చెడినట్లయితాదని..."

హేమలత చెంబు కింద పెట్టి అతని మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. తల్లి పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. ఆమె తల బరువు మోకాలి మీద అతనికి తెలిసింది. ఆమె కన్నీళ్లు కాలి మీదికి జారడం మాత్రం తెలియలేదు. తెలియకపోయినా చేయి వేసి జుట్టు నిమురుతూ ఉండిపోయాడు.

"నేను కోయించింటే అయిపోయేది నాయనా. నేనే వద్దంటి."

"నువ్వు ఏం తప్పు చెప్పినావు? సార్ కూడా అదే చెప్పె గదా. నా రాత తల్లీ."

"రాత కాదు," అందామె. చెంబు మళ్లీ అతని చేతికిచ్చింది.

ఆ పూట అతను నీళ్లు తాగాడు. మెల్లమెల్లగా ఆ పని తనే చేసుకోవడం నేర్చుకున్నాడు. హేమలత తలుపు బయట నిలబడి ఉండేది. అయిందని లోపలి నుంచి దగ్గి చెప్పేవాడు. ఆమె మళ్లీ సెంటర్‌కు పోవడం మొదలుపెట్టింది. నడుమునొప్పితో వచ్చినవాళ్ల ఇంటివాళ్లను ముందు బయట కూర్చోమని, తలుపు వేసి, అడగాల్సినవన్నీ అడిగేది. "ఏం లేదమ్మా" అన్నవాళ్ల మొహం చూస్తూ ఇంకోసారి అడిగేది. కొందరు విసుక్కునేవాళ్లు. వాళ్లకు వ్యాయామమే చాలునని చెప్పాల్సి వచ్చినప్పుడు ఆమె గొంతు మునుపటిలా పలికేది కాదు.

మందను జయరాముడు నాగన్నకే వదిలేశాడు. నాగన్న ఎంత వద్దన్నా వినలేదు. మేపలేనివాడి పేరున గొర్రెలు ఉండకూడదు అన్నాడు. ఆ తరవాత గొర్రెల మాట ఎత్తలేదు. తొలకరి పడ్డాక ఒకనాడు, ఒకమాటు పోయి చూసొద్దామా అని తనే అడిగాడు.

బస్సు దిగి ముదిగుబ్బలో ఆటో మాట్లాడుకుని పోయారు. నాగన్న గుట్ట కింద బీడులో మందను ఆపి ఎదురుచూస్తున్నాడు. వానకు నేల పచ్చబడుతోంది. జయరాముడు కర్ర ఊతంగా దిగి, కొంతదూరం నడిచి, నిలబడ్డాడు. నాలుక మడిచి అతను పిలిచే పిలుపు ఒకటుంది. అది పిలిచాడు.

మేస్తున్న గొర్రెలు తలలెత్తాయి. ఒక్కసారిగా అన్నీ అతని వైపు పరుగెత్తుకొచ్చాయి. చుట్టూ మూగి, కాళ్లకు ఒరుసుకుంటూ, చేతులు నాకుతూ తోసుకున్నాయి. మునుపైతే వాటి మధ్యన రాటలా నిలబడేవాడు. ఇప్పుడు ఎటువైపు నుంచి ఒత్తుకుంటున్నాయో కాళ్లకు తెలియలేదు. కర్ర జారి కింద పడిపోయాడు.

హేమలత పరుగెత్తింది. నాగన్న కేకలేస్తూ కట్టె ఎత్తాడు.

"కొట్టద్దురా, నాగన్నా! వాటికేం తెలుసు, కొట్టద్దు!"

అతను తడినేల మీద అలాగే కూర్చున్నాడు. ఒక పొట్టేలు అతని భుజం మీద గడ్డం పెట్టింది. హేమలత దగ్గరికి వచ్చేలోపే నాగన్న తన కంబళి తీసి జయరాముడి ఒళ్లో కప్పాడు. ఎందుకు కప్పాడో ముగ్గురికీ తెలిసింది. జయరాముడు కంబళి అంచు పట్టుకుని, పొట్టేలు చెవి కింద కాసేపు గోకాడు.

"ఇంగ పోదాం పాపా," అన్నాడు.

ఇద్దరూ కలిసి అతన్ని లేపి ఆటోలో కూర్చోబెట్టారు. కంబళి తిరిగి ఇవ్వబోతే నాగన్న పుచ్చుకోలేదు. ఆటో కదిలాక గొర్రెలు కొంతదూరం వెనక వచ్చాయి. నాగన్న అడ్డం పోయి వాటిని మళ్లించుకున్నాడు.

ఆటో రోడ్డెక్కింది. జయరాముడు బయటికి చూస్తూనే అన్నాడు.

"ఆ పొద్దు పిల్ల అడ్డం తిరిగింది సూడు, ఆ గొర్రె కానరాల్యా. పిల్ల కూడా లేదు. నాగన్న అమ్మినాడేమో."

"ఫోన్ చేసి అడిగేదా నాయనా?"

"వద్దులే," అన్నాడు జయరాముడు. "అడిగితే వాడు బాధపడతాడు."